తోక బరువు

నాన్న పెద్ద ట్రాక్టరునీ ట్రాలీనీ అమ్మేసిన పొద్దున అమ్మ కొట్టంలో పాలు పితుకుతోంది. వాకిట్లో ఇంజను స్టార్టయిన చప్పుడు విని, కళ్ళ డాక్టరు వద్దన్నా ఈయన మళ్ళీ సీటెక్కాడేమిటి అనుకుందట. బకెట్టు పట్టుకుని బయటికి వచ్చేసరికి ట్రాక్టరు గేటు దాటిపోతోంది. నడుపుతున్న మనిషిని మేమెప్పుడూ చూడలేదు. నాన్న గేటు పట్టుకుని, చుట్టాన్ని సాగనంపుతున్నట్టు నిలబడి ఉన్నాడు.

"ఎవరికిచ్చారండీ?" అంది అమ్మ.

"కొనుక్కున్నవాడికి."

"గడ్డి కోతకి వచ్చింది కదా. ఎలా తెచ్చుకుంటాం?"

"నేను నడపలేని బండి ఈ ఇంట్లో ఎవరూ నడపక్కర్లేదు," అన్నాడు నాన్న. లోపలికి వెళ్ళి రేడియో పెట్టుకున్నాడు.

నాకు ట్రాక్టరు నడపడం వచ్చు. నాన్న చూపు పక్కల నుంచి తగ్గిపోతోందని, ఎదురుగా ఉన్నది తప్ప అంచులు కనపడవని డాక్టరు తేల్చిన రోజునే, ఇక నేను నడుపుతానని చెప్పాను. అమ్మ తనకీ నేర్పమంది. ఆయన అప్పుడేమీ అనలేదు. ఇదన్నమాట ఆయన జవాబు. మా ఇంట్లో కోపం అంతవరకూ నాన్న ఒక్కడి సొత్తు. ఆ పొద్దున అందులో నాకు వాటా వచ్చింది. పాల బకెట్టు అలాగే పట్టుకుని నిలబడిపోయిన అమ్మని చూస్తే ఒళ్ళు మండిపోయింది. ఆ వేసవంతా ఆ మంట చల్లారలేదు.

మా కొట్టంలో మూడు ఆవులు. నల్లది, మచ్చలది, పిచ్చిది. పిచ్చిది అంటే నిజంగా పిచ్చిది కాదు, అమ్మని తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వదు. నాన్న ఊళ్ళోవాళ్ళ సామాన్లు తోలి సంపాదించాడు. ఆవులు మాత్రం అమ్మవి. కొనడం, సాకడం, రోగమొస్తే పక్కన కూర్చోవడం అన్నీ ఆవిడే. పచ్చగడ్డి దొరకని నెలలన్నీ అవి పల్లంలో ఉన్న మా గడ్డిపొలం మీదే బతకాలి. అక్కడి ఎండుగడ్డి వానల్లోపు కొట్టం అటక మీదికి చేరకపోతే ఆవుల్ని అమ్ముకోవడం తప్ప దారి లేదు. గడ్డి రోజుల్లో బండి అరువు అడిగితే ఇచ్చేవాడెవడూ ఉండడు, ఎవరి గడ్డి వాళ్ళకి తొందర. ఇవన్నీ తెలిసే అమ్మేశాడాయన. పైగా, "ఆవులు కూడా పోతే నీకే సుఖం. ఎన్నాళ్ళని పేడ ఎత్తుతావు?" అన్నాడు, పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా.

మిగిలింది పెరట్లో గడ్డి కోసే చిన్న ట్రాక్టరు ఒక్కటే. దాని మీద కూర్చుంటే నా మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయి. నాన్న దాన్ని బల్లి అనేవాడు. బల్లిని కొంటానని ఎవడూ అడగలేదు కాబట్టి అది ఇంట్లో ఉండిపోయింది.

"దీనికి బండి కడతాను," అన్నాను అమ్మతో.

"లాగుతుందా ఇది?"

"చిన్న బండి కడితే లాగుతుంది. ఎక్కువ సార్లు తిరగాలి, అంతే."

"తిరుగుదాం. మనకేం, కాళ్ళు అరుగుతాయా," అంది అమ్మ.

నేను గేట్లూ కిటికీ గ్రిల్సూ చేసే షాపులో వెల్డింగ్ చేస్తాను. ఓనరుని బాబాయ్ అంటాను గానీ చుట్టరికం ఏమీ లేదు. మూల పడేసిన చదరపు గొట్టాల ముక్కలు తీసుకెళ్తానంటే ఎందుకన్నాడు. బండి అన్నాను. ఏది లాగుతుందన్నాడు. బల్లి అన్నాను. ఆయన నవ్వలేదు, అదే పదివేలు.

"ఇరుసు ఎక్కడ వేస్తున్నావు?"

"మధ్యకి జానెడు వెనగ్గా."

"అయితే తీసుకుపో," అన్నాడు.

రెండు చక్రాల బండి తక్కెడ లాంటిది. ఇరుసుకి ముందు బరువు పెడితే, బల్లికి తగిలించే మూతి కిందికి నొక్కుకుంటుంది, వెనక పెడితే మూతి పైకి లేస్తుంది. బల్లికి సొంత బరువంటూ పెద్దగా లేదు. బండి మూతి దాని నడుం మీద కాస్త కూర్చుంటేనే వెనక చక్రాలకి నేల మీద పట్టు దొరుకుతుంది. మూతి లేచిందంటే ఆ చక్రాలూ తేలిపోతాయి. బ్రేకులు పనిచేసేది ఆ చక్రాలకే. అందుకే ఇరుసు వెనక్కి జరిపాను, పక్కలు మోకాలెత్తుకి మించకుండా పొట్టిగా పెట్టాను. పక్కలు ఎత్తుగా ఉంటే చెయ్యి ఊరుకోదు, ఇంకో కట్ట ఇంకో కట్ట అని పేరుస్తూనే ఉంటుంది.

పాత ఇనప సామాన్ల కొట్టులో చిన్న కారు చక్రాలు రెండు దొరికాయి. సాయంత్రాలు షాపు నుంచి రాగానే పెరట్లో పని మొదలుపెట్టేదాన్ని. అమ్మ గొట్టం కదలకుండా పట్టుకుని, వెల్డింగ్ వెలుగు చూడకుండా మొహం అటు తిప్పుకునేది. అటు తిరిగే కబుర్లు చెప్పేది. నాన్న టీ గ్లాసుతో వచ్చి కాస్త దూరంలో నిలబడేవాడు.

"గడ్డి బండా, పిల్లల్ని ఆడించే బండా ఇది?"

నేను గొట్టం కొలుచుకున్నాను.

"పక్కలు ఇంత పొట్టిగానా? నా లోడు వెళ్తుంటే జనం ఆగి చూసేవాళ్ళు. సందులో రెండు పక్కలా గోడలు రాసుకుంటూ పోయేది. ఇప్పుడు ఈ గంపెడు గడ్డి వేసుకుని ఊరేగుతారన్నమాట తల్లీకూతుళ్ళు. నా తల కొట్టేసినట్టుంటుంది."

"తలుపేసుకుని ఇంట్లో కూర్చో నాన్నా, ఎవరికీ కనపడవు," అన్నాను.

"ఏమే," అంది అమ్మ, మొహం అటే పెట్టుకుని. ఆవిడ భుజాలు కదులుతున్నాయి, నవ్వాపుకుంటోందని తెలిసిపోతోంది.

బండి అయ్యాక, ఇరుసు సరిగ్గా ఎక్కడుందో తెలిసేలా పలకల మీద అడ్డంగా ఎర్ర గీత వేశాను. గీతకి ముందు ఎక్కువ కట్టలు, వెనక తక్కువ. అంతే, ఇంకే సూత్రమూ లేదని అమ్మకి చెప్పాను. తర్వాత బల్లిని నడపడం నేర్పాను. మొదటి రోజు నీళ్ళ తొట్టిని గుద్దింది, రెండో రోజు బట్టల తీగని తెంపింది. తడి బట్టలు నెత్తిన వేసుకుని పెరడంతా ఒక చుట్టు తిరిగి, ఆపడం ఎలాగే అని అరుస్తూ నవ్వింది. అమ్మ నోరంతా తెరిచి నవ్వడం నేను అంతకుముందు చూసిన గుర్తు లేదు. లోపల రేడియో సౌండు పెరిగింది.

కోత మిషను వచ్చి గడ్డి కోసి, ఎండాక కట్టలు కట్టి పోయింది. మొదటి వారం నేను షాపుకి సెలవు పెట్టాను. అమ్మ నడపడం, నేను పేర్చడం. పల్లంలోంచి కొట్టానికి దారి మొదట చదునుగా వచ్చి, చివర్లో ఎత్తుగా ఎక్కుతుంది. ఆ ఎత్తులో బల్లి గుర్రుమంటూ, మా బరువూ తన బరువూ కలిపి, ఒక్కసారి కూడా జారకుండా ఎక్కింది. అటక సగం నిండింది. పక్క పొలం ఆయన ఆగి బండి చుట్టూ తిరిగి, మీ పనైపోయాక నాకోసారి ఇస్తారా అని అడిగాడు. అమ్మని అడిగాడు, నాన్నని కాదు. నాన్న అరుగు మీదే కూర్చున్నాడు. వింటూనే ఉన్నాడు.

సెలవైపోయి నేను షాపుకి వెళ్ళిన మొదటి రోజే ఆయన లేచి చొక్కా వేసుకున్నాడట. "నేనూ వస్తాను పద. చేతులు ముడుచుకుని ఎంతకని కూర్చుంటాను?" అన్నాడట. అమ్మ సంతోషించింది. అది తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది, ఆవిడ సంతోషించింది.

పెద్ద ట్రాలీ ఉన్న రోజుల్లో వాళ్ళిద్దరి పద్ధతి ఒకటుండేది. అమ్మ లోడు మీద నిలబడాలి. కూలీలు కట్టలు పైకి విసరాలి. నాన్న ట్రాక్టరు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, ఏ కట్ట ఎక్కడ పెట్టాలో కేకలేసి చెప్పాలి. ముందు తోక కట్టమనేవాడు. వెనక భాగం ఎత్తుగా, గట్టిగా కట్టుకుంటే ఎత్తెక్కేటప్పుడు లోడు జారదని ఆయన లెక్క. ట్రాలీకి నాలుగు చక్రాలు, ముందు రెండు వెనక రెండు. బరువు ఎక్కడేసినా అది మోసేది. కాబట్టి ఆయన లెక్క ఎప్పుడూ తప్పలేదు. పెళ్ళయినప్పటి నుంచి ప్రతి గడ్డి కోతకీ అమ్మ చెవుల్లో ఆ కేక ఒక్కటే. వెనక్కి. ఇంకా వెనక్కి.

ఆ రోజు నాన్న కట్టలు అందించాడు, అమ్మ బండి ఎక్కి పేర్చింది. నాన్న కేకలు మొదలుపెట్టాడు. అమ్మ తోక కట్టింది. పొట్టి పక్కల మీదుగా, ఆయన లోడు ఎలా ఉండేదో అలా, మనిషెత్తు కట్టింది. తర్వాత దిగి వెళ్ళి బల్లి మీద కూర్చుని నడిపింది.

చదునులో బాగానే వచ్చింది. ఎత్తులో సగం ఎక్కేసరికి మూతి లేచింది. బల్లి వెనక చక్రాలు గాల్లో ఊరికే తిరిగాయి. అమ్మ బ్రేకు తొక్కింది. తొక్కితే ఏముంది, నేలని తాకని చక్రాలకి బ్రేకేమిటి. లోడు వెనక్కి లాక్కుపోయి, బల్లిని పక్కకి తిప్పేసి, దారి పక్క కాలవలో ఒరిగింది. అమ్మ కింద పడి, చెయ్యి ఒంటి కింద మడతపడిపోయింది.

నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి కట్టు కట్టేశారు. మణికట్టు దగ్గర రెండు చోట్ల విరిగిందన్నారు. నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన అన్న మొదటి మాట ఇది.

"నేను ముందే చెప్పాను. అది బండి కాదు."

"అమ్మా, లోడు ఎలా పేర్చావు?" అన్నాను.

అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. "గీత కనిపిస్తూనే ఉందే. కానీ ఆయన గొంతు వింటే చేతులు వాటంతటవే వెనక్కి పోతాయి. ఏం చెయ్యను?"

నేను నాన్న వైపు తిరిగాను. ఆస్పత్రిలో అరవకూడదని తెలుసు. అరిచాను.

"తోక కట్టించావా?"

"ట్రాలీకి ఎప్పుడూ అలాగే కట్టాం. ఒక్కసారి ఒరిగిందా?"

"ఇది ట్రాలీ కాదు. ట్రాలీని నువ్వు అమ్మేశావు. నీకు నడపడం పోయిందని అమ్మ చేతులు కూడా కట్టేయాలని అమ్మేశావు. ఆ చేతులతోనే ఆవిడ వేరే దారి చూసుకుంటే, అక్కడికీ వచ్చి విరగ్గొట్టావు."

"నోరు అదుపులో పెట్టుకో. కావాలని చేశానంటావా?"

"కావాలని చెయ్యలేదు నాన్నా. అడగలేదు, అంతే. ఎర్ర గీత ఎందుకుందని ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

నర్సు తలుపు దగ్గరికి వచ్చింది. అమ్మ కళ్ళు తెరవకుండానే, "ఇద్దరూ బయటికి పోయి అరుచుకోండి. నాకు నిద్రొస్తోంది," అంది. మేం బయటికి వెళ్ళాం. అరుచుకోలేదు. ఆయన ఒక బెంచీ మీద, నేను ఇంకో బెంచీ మీద కూర్చున్నాం. ఆయన్ని చూస్తే జాలి పడాలని నాకూ తెలుసు. గోడకేసి చూస్తూ, పక్కన నడిచివెళ్ళేవాళ్ళు కనపడక ఉలిక్కిపడుతున్నాడు. కానీ జాలి రాలేదు. రప్పించుకోవడానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు.

మర్నాడు బండిని కాలవలోంచి లాగించి, వంగిన మూతి గొట్టం కోసి కొత్తది అతికించాను. బల్లికి గీతలు పడ్డాయి తప్ప ఏమీ కాలేదు. అమ్మ ఇంటికి వచ్చింది. ఆ మరుసటి పొద్దున గేటు ముందు లారీ ఆగింది.

పశువుల బేరగాడు దిగాడు. మర్యాదగలవాడే, అమ్మ చేతి కట్టు చూసి అయ్యో అన్నాడు.

"సారు ఫోన్ చేశారమ్మా. మూడూ ఇచ్చేస్తాం, వచ్చి తోలుకుపొమ్మన్నారు."

నాన్న అరుగు దిగి వచ్చాడు. "నువ్వెలాగూ ఈ చేత్తో పాలు పితకలేవు. గడ్డి సగం పొలంలోనే ఉంది, రేపో మాపో వాన. అందుకే పిలిచాను," అన్నాడు. గొంతు మెత్తగానే ఉంది. ఆ మెత్తదనం చూస్తే నాకు ఇంకా మండింది. నోరు తెరవబోయాను. అమ్మ కట్టు లేని చెయ్యి నా భుజం మీద వేసింది, ఆగమని.

"ఆవులు ఎవరివని చెప్పారు మీతో?" అని బేరగాడిని అడిగింది.

"ఇంటివేగా అమ్మా."

"నావి. నేను రమ్మనలేదు."

ఆయన నాన్న వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. "అంత దూరం నుంచి ఖాళీ లారీ వేసుకొచ్చానమ్మా," అన్నాడు.

"ఖాళీగా పోవడం ఇష్టం లేకపోతే పిలిచినాయన్ని ఎక్కించుకుపొండి."

బేరగాడు నవ్వాడు. అమ్మ నవ్వకపోయేసరికి ఆపేశాడు. లారీ వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు. అమ్మ గేటు గడియ వేసింది. ఎడం చేత్తో వెయ్యడం అలవాటు లేక కాస్త సేపు పట్టింది. నాన్న సాయానికి రాబోతే అక్కర్లేదంది.

"పదండి, పొలానికి," అంది ఆయనతో.

"నేనెందుకు?"

"మబ్బేస్తోంది. కట్టలు తడుస్తాయి."

"సరే, నేను కింద నుంచి అందిస్తాను. అమ్మాయి పైకెక్కి పేరుస్తుంది."

"అది బండి నడపాలి, అదే కట్టలు విసరాలి. నేను కింద నిలబడి ఎక్కడ పెట్టాలో చెప్తాను. ఎక్కేది మీరు."

ఆవిడ గొంతు పెంచలేదు. వాన వస్తుందంటున్నట్టు చెప్పింది. నాన్న నా వైపు చూశాడు. నేను బల్లి స్టార్ట్ చేశాను.

మబ్బు వేస్తూ పోతూ వారం ఆగింది, వాన పడేలోపు చివరి కట్ట దాకా చేర్చాం. ఆవులు ఆ ఏడూ, ఆ తర్వాతా మా కొట్టంలోనే ఉన్నాయి. ఇరుగుపొరుగు వాళ్ళకి ఆ కబురే గొప్ప. నాకు మాత్రం ఆ రోజు మొదటి లోడు మర్చిపోవడం చేతకాదు.

నాన్న పక్క పలక పట్టుకుని బండి ఎక్కాడు. నేను కట్ట విసిరితే పట్టుకున్నాడు. అమ్మ గీతకి ముందు పెట్టమంది, పెట్టాడు. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది కాబట్టి పని బాగానే చేస్తున్నాడు. ఒక వరస అయ్యింది. రెండో వరస మీద నిలబడ్డాడు. తర్వాతి కుప్ప దగ్గరికి పోవాలని నేను బల్లిని కదిపాను. నేలంతా గడ్డి మోళ్ళూ గతుకులూ.

"ఆపు. ఆపు ఆపు," అన్నాడు.

ఆపాను. తిరిగి చూస్తే కట్టల మీద కూలబడి, రెండు చేతులతో తాళ్ళు పట్టుకుని ఉన్నాడు. మొహంలో రక్తం లేదు.

"ఇంత ఊగుతుందేమిటే ఇది? నీ బండి సరిగ్గా లేదు."

"అన్ని బండ్లూ ఊగుతాయి," అంది అమ్మ.

"ట్రాలీ ఊగేది కాదు."

"మీరు సీట్లో కూర్చునేవారు."

నాన్న తాళ్ళు వదలకుండానే అమ్మ వైపు తల తిప్పాడు. తర్వాత, "మరి ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు.

"చెప్పాను. ఇంజను చప్పుడులో వినపడలేదన్నారు. ఇంటికెళ్ళాక కూడా చెప్పాను. రేడియో పెట్టుకున్నారు."

బండి నిండింది. ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ఆయన, "నేను దిగి నడుస్తాను," అన్నాడు.

"కూర్చోండి. ముందు వైపుకి జరిగి కూర్చుంటే మూతి మీద బరువుంటుంది," అంది అమ్మ. "నేను పైన ఉంటే లోడు కదలదని మీరే కదా నన్ను దిగనిచ్చేవారు కాదు."

ఆయన జరిగి కూర్చున్నాడు. నేను గేరు వేశాను. ఆ క్షణంలో నాకు ఆ ఎత్తు మీద ఉన్న ప్రతి గతుకూ తెలుసు. ఎక్కడ ఎలా పోనిస్తే పైనున్న మనిషికి ప్రాణం గొంతులోకి వస్తుందో తెలుసు. పోనిద్దామనే అనుకున్నాను. అమ్మ బల్లి పక్కకి వచ్చి, కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని, నాకు మాత్రమే వినపడేలా చెప్పింది.

"నెమ్మదిగా పోనీవే. నాన్న పైనున్నారు."

ఆ వేసవంతా నాకొచ్చిన కోపాలన్నీ ఒక ఎత్తు, అప్పుడొచ్చింది ఒక ఎత్తు. ఆవిడ పైనున్న అన్ని ఏళ్ళలోనూ ఆ మాట ఆయన నోటెంట ఒక్కసారి రాలేదు. ఆవిడ దాన్ని అంత తేలిగ్గా, బాకీ వసూలు చేసుకోవాలన్న ఆలోచనే లేకుండా, ఆయన కోసం వాడేసింది. ఎందుకు వాడావని అడగాలనిపించింది. పళ్ళు బిగపట్టి, అమ్మ పక్కన ఎంత మెల్లగా నడుస్తోందో అంత మెల్లగానే పోనిచ్చాను. ఆయన మీద దయతో కాదు. చెప్పింది అమ్మ కాబట్టి.